కిక్కు కొట్టొద్దు

గంపలగూడెంలో బండ్ల రిపేరు నేర్చినవాడికి బోటు ఇంజనుతో పనేముందని మావాళ్లు నవ్వేవారు. వాళ్ల మాటలోనూ తప్పులేదు. మా మండలంలో నీళ్లంటే కట్టలేరు వాగే. వాన గట్టిగా పడితే వినగడప దారిమీదుగా పారి రాకపోకలు ఆపేస్తుంది, ఎండాకాలం ఇసుక తేలి కనిపిస్తుంది. కానీ సెంటర్లో షెడ్డు మీద వచ్చే కూలి ఇంటికి చాలడంలేదు. తెలిసినాయన మాట సాయం చేస్తే తిరువూరు, మైలవరం మీదుగా బస్సెక్కి విజయవాడ వెళ్లాను. కృష్ణ ఒడ్డున బోటు ఇంజన్లు బాగుచేసే ఒక మేస్త్రీ గారి దగ్గర చేరాను.

ప్లగ్గు, కార్బురేటర్, కాయిలు నాకు కొత్తకాదు. కొత్తదల్లా ఆ ఇంజను నదిలో నీళ్లు తాగి చల్లబడటం. కింద కాలులో ఇంపెల్లర్ అని రబ్బరు రెక్కల చక్రం ఉంటుంది. అది నీళ్లను పైకి తోడుతుంది, ఇంజనంతా తిరిగి కొంత నీరు వెనక సన్నటి ధారగా బయటికొస్తుంది. ఆ ధార ఆగిందంటే ఇంజను కట్టెయ్యాలి. అందుకే షెడ్డులో ఇంజను తిప్పాలంటే డ్రమ్ము నిండా నీళ్లు పోసి అందులో దింపాలి. నీళ్లు లేకుండా తిప్పితే రబ్బరు కమిలిపోతుంది.

పెట్రోలు లీటరుకు 20 మిల్లీలీటర్ల టూస్ట్రోక్ ఆయిలు కలపడం మొదట నేర్పారు. తర్వాత గేరాయిలు దింపి రంగు చూడటం. మజ్జిగలా తెల్లగా వస్తే లోపలికి నీళ్లు చేరినట్టే. బోటును నెట్టే ఫ్యాను విప్పి చూస్తే చాలాసార్లు షాఫ్టుకు వల దారం చుట్టుకుని, సీలు కోసుకుపోయి ఉండేది. అల్యూమినియంలో పట్టేసిన బోల్టులతో వేళ్లు చీరుకుపోయేవి. రాత్రి అన్నం కలుపుకుంటే మంట.

ఒకరోజు బోటు నుంచి జారి మునిగిపోయిన ఇంజనొకటి తెచ్చారు. అప్పుడు మేస్త్రీ గారి చేతిలో వేరే పని ఉంది. నేను దాన్ని తుడిచి ఎండలో పెట్టబోతే గట్టిగా కేకేశారు.

“ఎండలో పెడతావేంట్రా? డ్రమ్ములో మంచినీళ్లు పోసి ముంచిపెట్టు. విప్పేదాకా అందులోనే ఉండాలి.”

మునిగినదాన్ని మళ్లీ ముంచడమేమిటో నాకు బోధపడలేదు. తడిసిన ఇనుముకు గాలి తగిలితేనే తుప్పు పరిగెత్తుతుందని, నీళ్లలో ఉన్నంతసేపు నెమ్మదిగా పడుతుందని తర్వాత చెప్పారు. చేయి ఖాళీ అయ్యాక ప్లగ్గులు తీయించి, ఆ బెజ్జాలు నేలవైపు ఉండేలా ఇంజన్ని పడుకోబెట్టించి, తాడు మెల్లగా లాగమన్నారు. నీళ్లు బొళబొళా పడ్డాయి. “గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. నీళ్లుండగా స్టార్ట్ చేస్తే వంగేది కనెక్టింగ్ రాడ్డే” అన్నారు. నాకు పనికొచ్చిన చదువంటే ఆ మాటే.

2024 ఆగస్టు 31న వాన పట్టుకుంది. తెల్లారి ఆదివారం బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మీద పడింది. అటు కృష్ణ కూడా పొంగింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులు దాటిందని, ఆ బ్యారేజీ కట్టాక ఎప్పుడూ అంత రాలేదని అందరూ చెప్పుకున్నారు. ఒక బోటు యజమాని వచ్చి, మునిగిన వీధుల్లోంచి జనాన్ని తెచ్చేటప్పుడు ఇంజను ఆగితే చూసుకోడానికి మనిషి కావాలన్నాడు. మేస్త్రీ గారు నన్ను పంపారు.

నదిలో నేర్చుకున్నది వీధిలో పనికిరాలేదు. నీళ్ల కింద డివైడరు ఎక్కడుందో, ప్రహరీ ఎక్కడుందో తెలియదు. ప్లాస్టిక్ కవర్లు నీళ్లు పీల్చే జాలికి అడ్డంపడి ధార ఆగిపోయేది. ఆపి, ఇంజను పైకెత్తి, చేత్తో లాగి మళ్లీ దింపేవాణ్ణి. మురుగు, పెట్రోలు కలిసిన వాసనకు కడుపులో తిప్పేది. మేడల మీంచి జనం పిలుస్తున్నారు. బోటులో చోటు లేదు. ఒకావిడ మెట్ల మీద నడుంలోతు నీళ్లలో నిలబడి ఖాళీ పాలసీసా పైకెత్తి చూపించింది. మేం ఆగకుండా ముందుకెళ్లాం. ఆవిడ ఏమీ తిట్టలేదు.

చీకటి పడ్డాక ఒక సందు మలుపులో ఠప్పుమని శబ్దం వచ్చింది. ఇంజను తిరుగుతోంది, బోటు కదలడం లేదు. ఫ్యానుకూ షాఫ్టుకూ మధ్య ఉండే చిన్న పిన్ను తెగింది. గేర్లు పగలకుండా తాను తెగడమే దాని పని. బోటులో ఒక బాలింత, ఇద్దరు ముసలాళ్లు. ప్రవాహం మమ్మల్ని కరెంటు స్తంభం వైపు నెడుతోంది. ఒకబ్బాయి నా నడుం పట్టుకుంటే వెనక్కి వేలాడి, ఇంజను పైకెత్తి, సెల్‌ఫోను వెలుగులో చూశాను. ఫ్యానుకు చీర బిగుసుకుపోయి ఉంది. హాక్సా బ్లేడుతో కోసి, నట్టు విప్పి, విరిగిన ముక్క తట్టి తీశాను. కొత్త పిన్ను వేళ్లు వణికి బెజ్జంలోకి దూరడం లేదు. బాలింత పక్కనున్న ముసలాయన ఏమీ మాట్లాడకుండా వంగి ఫోను తన చేతిలోకి తీసుకుని పట్టుకున్నాడు. అప్పుడు దూరింది. కాలితో తడిమితే మేం గుద్దుకున్నది నీళ్లలో నిలబడివున్న ఒక మోటార్‌సైకిలు హ్యాండిలు.

ఆ రోజుల్లో కాలివేళ్ల మధ్య ఒరిసి పచ్చిపుండ్లయ్యాయి. తర్వాత జ్వరం వచ్చింది. నిద్రపడితే పాలసీసా కనిపించేది.

నీళ్లు తీశాక మళ్లీ బండ్ల దగ్గరికే వచ్చాను. షెడ్ల ముందు మోటార్‌సైకిళ్లు, ఆటోలు బురదతో బారులు తీరాయి. బండివాళ్లంతా ఒక్కసారి కొట్టి చూద్దామనే తొందరలో ఉన్నారు. ఒక ఆటో అన్న తాళం తిప్పబోతుంటే చేయి పట్టుకున్నాను.

“ఒక్కసారి తమ్ముడూ. ఫైనాన్స్ వాళ్లు ఆగరు.”

“ఆగన్నా. ముందు ప్లగ్గు తియ్యనీ.”

ప్లగ్గు తీసి మెల్లగా తిప్పితే బెజ్జంలోంచి బురదనీళ్లు చిమ్మి మా ఇద్దరి మొహాన పడ్డాయి. అతను అక్కడే అరుగు మీద కూలబడ్డాడు. ఆయిలు దింపి, కొత్తది పోసి తిప్పి, అదీ దింపి మళ్లీ పోస్తేగాని లోపలి బురద పోలేదు. సాయంత్రానికి ఆటో స్టార్టయింది. మునిగిన ఆటోకు 10 వేలు, టూవీలరుకు 3 వేలు ప్రభుత్వం ప్రకటించింది. రాడ్డు వంగి ఇంజను మొత్తం విప్పాల్సొస్తే ఆ 3 వేలు ఏమూలకు?

అన్ని బండ్లూ ఒక్కరోజులో విప్పలేం. బండిని డ్రమ్ములో ముంచలేం. అందుకని వంతు రాని వాళ్లకు, ప్లగ్గు తీసి నీళ్లు పోగొట్టి, ఆ బెజ్జంలో కొంచెం ఇంజనాయిలు పోసి మూసిపెట్టుకోమని చెప్పాను. లోపల ఆయిలు పట్టి ఉంటే తుప్పు నాలుగురోజులు ఆలస్యంగా పడుతుంది. బ్యాటరీ వైరు మాత్రం వెంటనే ఊడదీయాలి.

ఇప్పుడు గంపలగూడెంలోనే ఉంటున్నాను. కట్టలేరు పొంగినప్పుడల్లా ఎవరో ఒకరు దాటబోయి బండి ముంచుకుని ఫోన్ చేస్తారు. కొట్టొద్దు, నెట్టుకుంటూ తీసుకురా అంటాను. వినకుండా కిక్కు కొట్టినవాడి ఇంజను విప్పితే నాకు నాలుగు డబ్బులొస్తాయి, విన్నవాడి దగ్గర ఆయిలు మార్చిన కూలే వస్తుంది. అయినా ఫోనెత్తగానే నా నోట ముందొచ్చేది ఆ మాటే.