కొత్త హాలు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?



పోయిన ఆదివారం సమావేశంలో వచ్చిన మాట మీద నాలుగు ముక్కలు రాస్తానన్నాను. నా నాలుగు ముక్కలంటే ఎంతుంటాయో మీకు తెలుసు. టీ పెట్టుకుని కూర్చుని చదవండి.

రాని వాళ్ల కోసం సంగతి ముందు చెబుతాను. మన పేట పిల్లలు ఈ ఏడాది ముగ్గురు వసతి బడుల్లో ఆరో తరగతిలో చేరుతున్నారు. వాళ్లలో ఒకరు మా మనవరాలు, నవోదయలో సీటు వచ్చింది. మిగతా ఇద్దరూ చేరే బడిలో కొత్తగా ఆటల హాలు కట్టారు, పాటకీ బొమ్మలకీ వేరే గదులు పెట్టారు. మన సంఘం తరఫున ఆ బడికి ఏమైనా ఇద్దామని ప్రతిపాదన వచ్చింది. ఒక పెద్దాయన "పిల్లల్ని చదువుకి పంపుతున్నామా, గెంతడానికి పంపుతున్నామా?" అన్నారు. ఇంకొకరు, పెద్ద బీరువా కొనిచ్చి దాని మీద సంఘం పేరు ఎర్ర అక్షరాలతో రాయిద్దాం అన్నారు. ఈ రెండు మాటలకీ నా జవాబు ఇది.

మొదటి మాట. రోజుకి 24 గంటలు. తరగతులు, రాత్రి చదువు కలిపినా పది గంటలు. నిద్ర ఎనిమిది వేసుకోండి. ఇంకా ఆరు గంటలు మిగులుతాయి. ఇంటి నుంచి బడికి వెళ్లే పిల్లాడికి ఆ ఆరు గంటలు అమ్మ ఉంది, వీధి ఉంది, గోదావరి గట్టు ఉంది, పక్కింటి మామ్మ ఉంది. వసతి బడి పిల్లాడికి గంట కొట్టాక ఒక బిల్డింగు నుంచి ఇంకో బిల్డింగుకి వెళ్లడమే. గోడ అదే, గేటు అదే. ఆదివారం అయితే ఇంకా పెద్ద రోజు. ఆ ఆరు గంటలకీ బడే వాడి వీధి, బడే వాడి ఇల్లు. అక్కడ మైదానం లేకపోతే, పాడుకోవడానికి గది లేకపోతే, ఆ పిల్లాడు బెంగ పెట్టుకుంటాడు. బెంగ పెట్టుకున్న పిల్లాడికి లెక్కలు ఎక్కవండి. కాబట్టి ఆటా పాటా చదువుకి అడ్డం అనే మాట ఇంటి దగ్గర చదివే పిల్లల సంగతిలో ఏమైనా కానీ, వసతి బడికి మాత్రం సరిపోదు.

ఇది నేను ఎక్కడో చదివి చెప్పడం లేదు. మా నాన్నగారు విల్లుపురంలో రైల్వే ఖలాసీ. నేను చదివిందంతా తమిళ మాధ్యమం. తెలుగు రాయడం ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నాను. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. మొదటి ఏడాది మేష్టారు అడిగింది సగం అర్థమయ్యేది కాదు, నేను చెప్పింది విని పిల్లలు నవ్వేవారు. కానీ సాయంత్రం మైదానంలో వాళ్లు ఆడేది సడుగుడు. మన చెడుగుడే! పలుకులో ఒక్క అక్షరం తేడా. ఊపిరి బిగబట్టి అవతలి గీత దాటిన వాడికి భాష అడిగే వాడెవడూ ఉండడు. నెల తిరిగేసరికి నన్ను పేరు పెట్టి పిలిచి జట్టులో వేసుకున్నారు. తమిళం తర్వాత వచ్చింది, స్నేహితులు ముందు వచ్చారు. నేనైతే సాయంత్రం ఇంటికెళ్లి అమ్మ దగ్గర తెలుగు మాట్లాడుకునేవాణ్ణి. ఆ అవకాశం కూడా లేని పిల్లల సంగతి ఆలోచించండి.

నవోదయ సంగతి కొంచెం చెప్పాలి. మన యానాంలో చాలామందికి దాని విలువ తెలియదు. 1985-86లో హర్యానాలో ఝజ్జర్, మహారాష్ట్రలో అమరావతి, ఈ రెండు చోట్ల ప్రయోగంగా మొదలుపెట్టారు. 1986 జాతీయ విద్యా విధానంతో జిల్లాకి ఒకటి అన్నారు. ఇప్పుడు దేశంలో 600 దాటాయి. తమిళనాడులో మాత్రం ఒక్కటీ లేదు. మూడు భాషల సూత్రం వాళ్లు ఒప్పుకోలేదు, అది వాళ్ల నిర్ణయం. పుదుచ్చేరిలో మాత్రం నాలుగు ప్రాంతాలకీ ఉన్నాయి. 2011 జనాభా లెక్కల్లో మన యానాం జనం 55,626. ఇంత చిన్న ప్రాంతానికి, లక్షల జనం ఉన్న జిల్లాలకి ఉన్నట్టే, సొంత నవోదయ ఉందంటే మన పిల్లలకి అది ఎంత అవకాశమో లెక్క కట్టుకోండి.

ఆరో తరగతి ప్రవేశ పరీక్ష 100 మార్కులకి, రెండు గంటలు. బుద్ధికి సంబంధించిన ప్రశ్నలు, లెక్కలు, భాష. పరుగెత్తగలవా, పాడగలవా అని అందులో అడగరు. అంటే లెక్కలు చేసి లోపలికి వెళ్లిన పిల్ల తనకి పరుగు వచ్చని లోపలికి వెళ్లాకే తెలుసుకోవాలి. ఇంకొకటి. తొమ్మిదో తరగతిలో నూటికి 30 మంది పిల్లల్ని హిందీ ప్రాంతానికీ హిందీయేతర ప్రాంతానికీ మధ్య మారుస్తారు. పద్నాలుగేళ్ల పిల్ల భాష తెలియని ఊళ్లో ఏడాది గడపాలి. మొదటి వారం ఆ పిల్లకి మాట్లాడే భాష ఏముంటుంది? కబడ్డీ, ఖోఖో, ఒక పాట, ఒక ముగ్గు. అంతే.

నాకు నవోదయలో నచ్చిన సంగతి గుమస్తా బుద్ధితో చెబుతాను. అక్కడ సంగీతానికి ఒక పోస్టు, చిత్రలేఖనానికి ఒక పోస్టు, వ్యాయామానికి రెండు పోస్టులు, ఒకటి మగవారికి, ఒకటి ఆడవారికి, మంజూరై ఉంటాయి. మంజూరైన పోస్టు అంటే కాగితం మీద ఒక కుర్చీ. కుర్చీ ఉంటే ఇవాళ కాకపోతే రేపు మనిషి వస్తాడు. కుర్చీయే లేకపోతే ఎంత పెద్ద హాలు కట్టినా పిల్లలకి నేర్పే మనిషి రాడు. అందుకే కొత్త హాలు చూడ్డానికి వెళ్లినప్పుడు గోడలు చూడకండి. సంగీతం టీచరు ఎవరు, వారానికి ఎన్ని రోజులు ఉంటారు అని అడగండి.

ఇప్పుడు తాళంచెవి సంగతి. నేను ఉద్యోగంలో ఉండగా మా బంధువుల అబ్బాయి ఒక వసతి బడిలో చదివాడు. పేరు వద్దు. వాణ్ణి చూడ్డానికి వెళ్లాను. మంచి ఆటల హాలు. కొత్త టేబుల్ టెన్నిస్ బల్ల, దాని మీద ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. హార్మోనియం, తబలా అద్దాల బీరువాలో. తాళం వేసి ఉంది. "ఎప్పుడు ఆడతార్రా?" అంటే "పెద్దవాళ్లెవరైనా వచ్చినప్పుడు తీస్తారు మావయ్యా" అన్నాడు. పిల్లలు బయట ఎండలో చీలిపోయిన బంతితో ఆడుతున్నారు.

చాలామంది ఇది చూసి వార్డెన్‌ని తిడతారు. నేను తిట్టలేను. నేను స్టోర్స్ సెక్షన్‌లో పనిచేసిన వాణ్ణి. స్టాక్ రిజిస్టర్‌లో వస్తువు ఎక్కిందంటే అది సంతకం పెట్టిన వాడి మెడకి గంట కట్టినట్టే. ఆడిట్ వాడు వచ్చి లెక్క చూస్తాడు. బ్యాటు విరిగితే, తబలా చర్మం చిరిగితే, ఎందుకు, ఎలా, ఎవరు అని కాగితం రాయమంటాడు. బ్యాటు అయిదేళ్లు బీరువాలో చెక్కుచెదరకుండా ఉంటే మాత్రం ఒక్క ప్రశ్న వేయడు. విరిగినదానికి సంజాయిషీ ఉంది, వాడనిదానికి లేదు. అలాంటప్పుడు నెల జీతం మీద బతికే మనిషి తాళం వేయక ఏం చేస్తాడు?

దీనికి మందు కూడా రిజిస్టర్లోనే ఉందండి. రైల్వేలో సామాను రెండు రకాలు. ఒకటి నిలవ ఉండాల్సింది, బల్ల, కుర్చీ, ఇనప్పెట్టె లాంటివి. రెండోది వాడితే అయిపోయేది, దూది, నూనె, సబ్బు లాంటివి. దూది ఏమైందని ఎవరూ అడగరు, అయిపోయిందని రాస్తే చాలు. బంతులు, షటిల్ కాకులు, రంగులు, కుంచెలు, తబలా చర్మాలు, వలలు, ఇవన్నీ అయిపోయే సరుకు కింద రాయాలి. ఏడాదికి ఇన్ని అరుగుతాయి అని ముందే లెక్క కట్టి పెట్టుకోవాలి. అరిగితే సంతోషించాలి. అరిగిందంటే పిల్లలు ఆడారన్నమాట.

గేటు తెరిచి ఉంచితే ఏమవుతుందో మా రైల్వేలోనే ఒక ఉదాహరణ ఉంది. పి.వి. సింధు తల్లిదండ్రులు రమణగారు, విజయగారు ఇద్దరూ వాలీబాల్ ఆటగాళ్లు, ఇద్దరూ రైల్వే ఉద్యోగులు. ఆ అమ్మాయి బ్యాడ్మింటన్ మొదట నేర్చుకున్నది సికింద్రాబాద్‌లో రైల్వే సిగ్నల్, టెలికాం ఇంజనీర్లకి శిక్షణ ఇచ్చే ఇరిసెట్ కోర్టుల్లో. శిక్షణకి వచ్చే సిబ్బంది కోసం ఉన్న కోర్టు అది. ఉద్యోగుల ఇంటి పిల్ల అక్కడ రాకెట్ పట్టుకుంది. 2016లో రియో ఒలింపిక్స్‌లో రజతం, 2019లో ప్రపంచ ఛాంపియన్. గోపీచంద్ అకాడమీ, ఆ పెద్ద శిక్షణ అంతా తర్వాత. మొదట కావలసింది దగ్గర్లో తలుపు తెరిచి ఉన్న ఒక కోర్టు, ఓపిక ఉన్న ఒక కోచ్.

అసలు కట్టడమే లేని ఉదాహరణ కూడా ఉంది. మలావత్ పూర్ణ. నిజామాబాద్ జిల్లా పిల్ల, వ్యవసాయ కూలీల బిడ్డ, తాడ్వాయిలో సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివింది. భువనగిరి కోట ఉన్న రాతిగుట్ట మీద గురుకులాల పిల్లలకి కొండ ఎక్కడం నేర్పారు. అక్కణ్ణుంచి ఏరి డార్జిలింగ్ పంపారు, తర్వాత లడఖ్ చలికి పంపారు. చివరికి ఇద్దర్ని ఎంచారు. 2014 మే 25న పూర్ణ, ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ ఇద్దరూ ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకి అప్పటికి 14 ఏళ్లు నిండలేదు. భువనగిరి గుట్టని ఎవరూ టెండరు పిలిచి కట్టలేదు. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లిన బస్సు, తాడు పట్టుకుని నేర్పిన మనిషి, "వెళ్లిరండి" అని సంతకం పెట్టిన అధికారి, ఇవే అక్కడ వసతులు.

కళల సంగతీ ఇంతే. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టారు. ఇవాళ మనలో ఎవరికైనా ఆ హాలు పొడవు ఎంతో, స్తంభాలు ఎన్నో తెలుసా? ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్ అని తెలుసు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు అక్కడ వయొలిన్ చెప్పారని తెలుసు.

ఆశ కూడా హద్దులో ఉండాలి. స్పోర్ట్స్ కోటా దరఖాస్తులు నేను కళ్లారా చూశాను. ఒక్క పోస్టుకి సర్టిఫికెట్ల కట్టలు వచ్చేవి. ఆట నేర్పిస్తే ఉద్యోగం వస్తుందని పిల్లలకి చెప్పి పంపకండి. వందమందిలో తొంభైతొమ్మిది మంది పతకం తేరు. వాళ్ల కోసమే మైదానం కావాలి. రాత్రి బాగా నిద్ర పట్టడానికి, ఓడిపోయి మళ్లీ మర్నాడు రావడానికి, బెంగ తీరడానికి.

ఆడపిల్లల గురించి ప్రత్యేకంగా ఒక మాట. మైదానం ఉన్నా ఆడపిల్లలు ఆడకపోతే కారణం సిగ్గు అంటారు. వెళ్లి చూడండి. బట్టలు మార్చుకోవడానికి గది ఉండదు, దగ్గర్లో మరుగుదొడ్డి ఉండదు, సాయంత్రం ఆరు దాటితే దీపం ఉండదు, ఆడ వ్యాయామ టీచరు ఉండరు. ఈ నాలుగూ పెడితే సిగ్గు దానంతట అదే పోతుంది. మా మనవరాలు మొదట అడిగింది ఇదే, "తాతయ్యా, అక్కడ ఆడపిల్లలకి కబడ్డీ ఉందా?" అని. ఉంది అన్నాను. పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టింది. వాళ్లమ్మ మాత్రం ఇంకా ఏడుస్తూనే ఉంది, అది వేరే సంగతి.

ఇక నా ప్రతిపాదన. బీరువా వద్దు. బీరువా ఇస్తే అందులో పెట్టి తాళం వేస్తారు. ఏటా జూన్‌లో అరిగిపోయే సరుకు ఇద్దాం. బంతులు, షటిల్ కాకులు, రంగులు, కుంచెలు, తబలా మరమ్మతు ఖర్చు, గజ్జెలు, దెబ్బ తగిలితే కట్టడానికి మందుల పెట్టె. ప్రిన్సిపాల్‌గారి అనుమతి రాతపూర్వకంగా తీసుకుని, రసీదు పుచ్చుకుని ఇద్దాం. వాటి మీద సంఘం పేరు వద్దు. ఒకే ఒక్క షరతు పెడదాం. మార్చిలో మనం వెళ్లినప్పుడు పాత బంతులు చూపించాలి. అరిగి ఉంటే మళ్లీ జూన్‌లో కొత్తవి. కొత్తగా మెరుస్తూ ఉంటే ఆ ఏడాది ఇచ్చేది లేదు. ఆడిట్ తిరగేసి పెడుతున్నాం అనుకోండి.

తల్లిదండ్రులు ముగ్గురూ చేర్పించే రోజు మూడు ప్రశ్నలు అడగాలి. హాలు రోజూ ఎన్ని గంటలకి తెరుస్తారు? తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, ఆయన సెలవు పెడితే ఎవరికిస్తారు? విరిగితే పిల్లల దగ్గర వసూలు చేస్తారా? ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పిన బడి మంచి బడి. ఆ జవాబులు విన్నాక రంగుల ఫొటోల పుస్తకం చూడొచ్చు.

వచ్చే ఆదివారం సాయంత్రం అయిదింటికి సమావేశం. వ్యతిరేకించే వాళ్లు తప్పకుండా రండి, ముఖాముఖి మాట్లాడుకుందాం. బీరువా అన్న మా తమ్ముడుగారికి కోపం వద్దు. మీరు బీరువాకి అనుకున్న డబ్బుతో ఎన్నేళ్ల బంతులు వస్తాయో లెక్క వేసి కాగితం తెస్తాను.

ఇట్లు,
కనకాలపేట నుంచి మీ రైల్వే గుమస్తా