చిత్రాంగికి చూపించిన పటం

శెనక్కాయ చేతికొచ్చిన ఏడే మా బెళుగుప్పలో నాటకం. వాన తప్పిన ఏడు విరాటపర్వం చదివించడమే కానీ, హార్మోనియం మాట ఎత్తేవాళ్లు లేరు. అప్పులు పోను నాలుగు డబ్బులు మిగిలితే, పగలంతా సేద్యం చేసినవాళ్లే రాత్రిళ్లు పద్యాలు నేర్చుకునేవారు. ఆడవేషాలకు మాత్రం బళ్లారి వైపు నుంచి నటీమణుల్ని పిలిపించేవారు. ఎక్కువగా కురుక్షేత్రం ఆడేవారు. నా మనసులో నిలిచిపోయింది మాత్రం సారంగధర.

మా ఊళ్లో ఆడిన కథ ఇది. చిత్రాంగికి సారంగధరుడి పటం చూపించి సంబంధం మాట్లాడతారు. ఆ పిల్ల ఆ పటం మీదే మనసు పెట్టుకుంటుంది. తీరా ఆమె అందం చూసి, తండ్రి రాజరాజనరేంద్రుడే పెళ్లాడతాడు. ఒకరోజు పావురం కోసం రాకుమారుడు ఆమె మేడలో అడుగు పెడతాడు. ఆమె మనసు విప్పి చెబుతుంది. అతడు తల్లివంటి దానివని తప్పుకుంటాడు. ఆ అవమానంలో ఆమె నింద వేస్తుంది. విచారణ లేకుండా రాజు కొడుకు కాళ్లూ చేతులూ నరికిస్తాడు.

తెల్లారి చిత్రాంగి వేషం కట్టిన నటి బస్సు కోసం నిలబడితే, వీధి వీధంతా ఆమెనే చూసింది. పెళ్లయిందా, ఎవరితో ఉంటుంది, ఇంతకుముందు ఎక్కడుండేది అని గుసగుసలు. రాజు వేషం కట్టిన రైతుకు మాత్రం టీ అంగట్లో మర్యాద పెరిగింది. ఆయన గతం ఎవరికీ పట్టలేదు.

మా అవ్వ ఒక్కతే ఆ మాటలకు అడ్డం తగిలింది. ‘‘కొడుకు పటం సూపిచ్చి నాయనకు కట్టిచ్చిరి గదమ్మా! ఆ తప్పు ఎవురిది? ముందు ఆయప్పను అడగండి’’ అంది. చిత్రాంగి వేసిన నింద మంచిదని అవ్వ అనలేదు. లెక్క మొదటినుంచీ తీయమంది, అంతే.

ఈ కథ మా నేలకు కొత్త కాదు. 1882 దాకా మా అనంతపురం బళ్లారి జిల్లాలోనే ఉండేది. ఒకప్పుడు మా జిల్లాలోనే ఉన్న ధర్మవరంలో పుట్టి బళ్లారిలో వకీలుగా స్థిరపడిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) రాసిన ‘విషాద సారంగధర’ను తెలుగులో తొలి విషాదాంత నాటకంగా చెబుతారు. అంతకుముందే 17వ శతాబ్దంలో చేమకూర వేంకటకవి తంజావూరులో ఈ కథను కావ్యం చేశాడు. ఇదే కథతో 1957లో వచ్చిన సినిమాలో సారంగధరుడు ఎన్.టి.రామారావు, చిత్రాంగి భానుమతి. రామకృష్ణమాచార్యుల మేనల్లుడు బళ్లారి రాఘవ, ఆడవేషాలు ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టి వాళ్లను రంగస్థలం మీదికి తెచ్చాడు. వాళ్ల కళను మెచ్చుకున్న ఊళ్లే వాళ్ల నడత మీద తీర్పులు చెప్పాయి.

నన్నయచేత భారతం రాయించిన రాజుకు ఈ కథ ఎలా అంటుకుందో గానీ, చరిత్రకారులు దీన్ని నమ్మరు. జనం మాత్రం వందల ఏళ్లుగా నమ్మారు. పాత కథల్లో సిద్ధుడి దయతో సారంగధరుడికి కాళ్లూ చేతులూ తిరిగి వస్తాయి. చిత్రాంగికి ఎవరూ ఏదీ తిరిగి ఇవ్వలేదు. ఆమె పోగొట్టుకున్నది ఒకటుందని కూడా గుర్తించలేదు.

ఇప్పటికీ మా పక్క సంబంధం కుదిరే ముందు పిల్ల గురించి ఊరంతా ఆరా తీస్తారు. ఎవరితో మాట్లాడింది, ఎందుకు చదువు మానింది అని అడుగుతారు. పిల్లను అడగకుండా మాట ఇచ్చిన పెద్దల్ని, మాట తప్పిన మగవాణ్ణి ఎవరూ నిలదీయరు. ఆడదాని గతం తవ్వేవాళ్లు, ఆ గతంలో ఆమెకు ఎవరు ఏం చేశారో కూడా తవ్వాలి. అంత ఓపిక లేనివాళ్లకు తీర్పు చెప్పే హక్కు లేదు.