రెండు బ్యాటరీలు, రెండు ఫ్యూజులు

మా నూజివీడు వైపు ఏప్రిల్ నుంచి జూన్ దాకా సగం ఊరు మామిడి తోటల్లోనే పడుకుంటుంది. బంగినపల్లి కానీ, చిన్నరసాలు కానీ, కాయ చెట్టు మీద ఉన్నన్నాళ్లూ కాపలా తప్పదు. బోరు మోటారుకి కరెంటు ఇచ్చేది పగలే. రాత్రిళ్లు నిద్ర ఆపుకోవాలంటే పాటలే దిక్కు. ఆ పాటలు మా బాబాయి పికప్ బండి స్టీరియోలోంచి రావాలి.

ఇంజను ఆపేసి పాటలు వింటే ఏమవుతుందో చిన్న లెక్క. యాంప్లిఫయరు సగటున 10 ఆంపియర్లు లాగిందనుకోండి. 4 గంటల్లో 40 ఆంపియర్ అవర్లు. బండిలో ఉన్నది 70 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. అంటే సగం పైనే ఖాళీ! తెల్లవారకముందే కాయ వేసుకుని నున్న మార్కెట్టుకి వెళ్లాల్సిన బండి, సెల్ఫు కొడితే టిక్కు టిక్కుమని ఊరుకుంటుంది. పోయిన సీజన్‌లో రెండుసార్లు నలుగురం కలిసి నెట్టాం. ఆలస్యంగా చేరిన కాయకి ధర చెప్పేది మనం కాదు కదా.

అందుకని ఈసారి స్టీరియోకి విడిగా రెండో బ్యాటరీ పెట్టిద్దాం అన్నాడు బాబాయి. క్యాబిన్‌లో సీటు వెనక పెట్టాలి కాబట్టి సీల్డ్ బ్యాటరీ తెచ్చాం. మామూలు బ్యాటరీ ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది, మూసిన చోట అది ప్రమాదం. రెండు బ్యాటరీల మధ్య వోల్టేజిని చూసి పనిచేసే రిలే ఒకటి. ఇంజను నడుస్తూ వోల్టేజి 13.3 దాటితే అది రెండింటినీ కలుపుతుంది, ఇంజను ఆగి 12.8కి పడిపోతే విడదీస్తుంది. ఇక రాత్రంతా పాటలు విన్నా ముందు బ్యాటరీ జోలికి ఎవరూ పోరు.

పేచీ ఫ్యూజు దగ్గర వచ్చింది. మేస్త్రి గారు ముందు బ్యాటరీ దగ్గర ఒక ఫ్యూజు చాలన్నారు. నేను వెనక బ్యాటరీ దగ్గర కూడా కావాలన్నాను. "ఒక తీగకి రెండు ఫ్యూజులేంట్రా, డబ్బులు దండగ" అన్నాడు బాబాయి.

నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీషు మీడియం. ఓవర్‌కరెంట్ ప్రొటెక్షన్ అని పరీక్షలో రెండు పేజీలు రాయగలను. బాబాయికి తెలుగులో చెప్పాల్సొచ్చేసరికి మాట దొరకలేదు. కాసేపు ఆలోచించి, "బాబాయ్, తోటకి ఆ చివర ఒక నీళ్ల ట్యాంకు, ఈ చివర ఇంకో ట్యాంకు. రెంటినీ కలుపుతూ పైపు. మధ్యలో పైపు పగిలింది. ఒక్క ట్యాంకు దగ్గర వాల్వు కడితే నీళ్లు ఆగుతాయా?" అని అడిగాను.

"ఎందుకాగుతాయి? రెండోదాంట్లోంచి పోతూనే ఉంటాయి."

"ఇదీ అంతే. రెండు బ్యాటరీలంటే రెండు ట్యాంకులు."

"మధ్యలో ఆ రిలే ఉందిగా?"

మంచి ప్రశ్నే. రిలే విడిపోయినా, దానికి అటు తీగలో ముందు బ్యాటరీ కరెంటు, ఇటు తీగలో వెనక బ్యాటరీ కరెంటు అలాగే ఉంటాయి. తోట దారిలో గతుకులకి తీగ రేకు అంచుకి రాసుకుని, పైతొడుగు తెగి, బాడీకి తగిలిందంటే వందల ఆంపియర్లు ఒక్కసారిగా పారతాయి. తీగ ఎర్రగా కాలుతుంది. వెనక గంపల్లో ఎండుగడ్డి. ఆ సీటు మీదే పడుకునేది మా బాబాయి.

మనలో చాలామంది ఫ్యూజు స్టీరియోని కాపాడటానికి అనుకుంటాం. ఈ తీగ మీది ఫ్యూజు పని తీగని కాపాడటం. అందుకే దాన్ని బ్యాటరీకి జానెడు దూరంలోనే పెట్టాలి. బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య ఉన్న ముక్కకి ఏ కాపలా లేదు మరి. మేం వేసింది 16 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, రెండు చివరలా 60 ఆంపియర్ల ఫ్యూజులు. మాటిమాటికీ పోకుండా 150ది వేద్దామంటే, ముందు కాలేది తీగే. యాంప్లిఫయరు తీగ సన్నం కాబట్టి దానికి వేరే చిన్న ఫ్యూజు. తీగ రేకులోంచి దూరే చోట రబ్బరు బుష్. ఎర్త్ బోల్టు కింద రంగు గీకి, ఇనుము తేలాక బిగించాలి.

మేస్త్రి గారు అంతా విని, "ట్యాంకుల మాట బాగుంది, నేనూ వాడుకుంటా" అని నవ్వి రెండో ఫ్యూజు బిగించారు.

ఆ రాత్రి తోటలో పాటలు మోగుతున్నాయి. బాబాయి మాత్రం పాట వినట్లేదు. "ఒరేయ్, అయితే బోరు దగ్గర ఫ్యూజు పోయినప్పుడల్లా నేను మందపాటి రాగి తీగ చుట్టేస్తున్నానే..." అని ఆగిపోయాడు.

నేనేం మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే డబ్బులు చేతిలో పెట్టి, మోటారు ఎన్ని హార్స్‌పవరో చెప్పి, దానికి తగ్గ ఫ్యూజు వైరు తెమ్మని నన్ను నూజివీడు పంపాడు.