ముందు నీటికి దారి

తెనాలిలో పొద్దున్నే ఇడ్లీ తిని రేపల్లె రైలెక్కాను. దారంతా వరి చేలు. రేపల్లెలో దిగి ఆటోలో నిజాంపట్నం వైపు మళ్లాక ఆ పచ్చదనం కాస్తా రొయ్యల చెరువులైపోయింది. రేవులో పడవెక్కాక గానీ మడ అడవి కనబడలేదు.

పడవ నడిపే పెద్దాయన తెల్లమడ ఆకు తుంచి ఇచ్చాడు. "నాలిక్కి తగిలించి చూడండి సార్." ఉప్పు చురుక్కుమంది. వేరు పీల్చిన ఉప్పును ఆకు బయటికి కక్కేస్తుందట. ఒడ్డున బురదలోంచి పుల్లలు గుచ్చినట్టు వేర్లు పైకి లేచి ఉన్నాయి. గాలాడని బురదలో చెట్టు ఊపిరి వాటితోనే.

ఇంత ఉప్పుకు ఓర్చే చెట్టు, నరికిన చోట మళ్లీ ఎందుకు మొలవదు? చెట్టు పోయాక ఎండ తగిలి నేల కుంగుతుంది, పళ్లెంలా గుంట పడుతుంది. పోటుకు వచ్చిన నీరు పాటుకు వెనక్కి పోదు. అక్కడే నిలిచి, ఎండి, ఉప్పు పేరుకుంటుంది. ఆ నేలలో ఎన్ని మొక్కలు నాటినా దండగే. ఎమ్మెస్ స్వామినాథన్ పరిశోధన సంస్థ 1990లలో తమిళనాడులోని పిచ్చావరంలో దీనికి విరుగుడు చూపింది. మధ్యలో పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్లకాలువలు, అచ్చం చేప ముల్లులాగా. ఆటుపోట్లు వాటిలో తిరుగాడి ఉప్పు కడిగాకే మొక్కలు. తర్వాత ఆ పద్ధతి కృష్ణా, గోదావరి మడలకూ వచ్చింది.

"మొక్క నాటినోళ్లకి ఫొటోలు తీస్తారు. కాలవ పూడిక తీసినోణ్ని ఎవరడిగారు సార్?" అన్నాడు పెద్దాయన, తెడ్డు ఆపకుండానే.

సాయంత్రానికి బాపట్ల చేరాను. 1945లో వ్యవసాయ కళాశాల పుట్టిన ఊరు. ఉప్పునీటితో పంటల సాగు మీద పరిశోధన జరిగే చోటు కూడా. తీరం ఇసుకలో వాననీరు ఉప్పునీటి మీద మీగడలా తేలుతుంది. ఒకేచోట లోతుకు తోడితే కింది ఉప్పు ఎగదన్నుతుంది. అందుకే రైతులు ఇసుకలో తవ్వుకునే లోతు తక్కువ నీటి గుంటను, పాత దొరువునే, ఇక్కడి పరిశోధకులు మెరుగుపరిచారు. తక్కువ లోతులో చిల్లుల గొట్టాలు అడ్డంగా పరిచి, ఊరిన నీటిని ఒక బావిలోకి మళ్లించారు. మీగడ మాత్రమే తీయాలి, కింది ఉప్పును కదపకూడదు.

ఊరి బయట ఒక దొరువు దగ్గర ఆగి దోసెడు నీళ్లు నోట పోసుకున్నాను. పొద్దుటి మడాకు రుచి గుర్తుండబట్టో ఏమో, మరీ తియ్యగా అనిపించాయి.