ఎఱ్ఱగుడి శిలలు

తొలకరి వాన కురిసినంతనే తుగ్గలి ప్రాంతపు చేలలో జనులు వజ్రములకై వెదకుట వాడుక. జొన్నగిరి పొలములయందు అట్లు వెదకు స్త్రీలను మేమును చూచితిమి. వజ్రము ఏ యొక్కరికో దక్కు భాగ్యము. అందఱకును చెందిన రాతిసంపద ఆ చేరువనే యున్నది. అవియే ఎఱ్ఱగుడి శాసనశిలలు.

గుత్తినుండి పత్తికొండకు బోవు బాటకు దాపున నొక చిన్న గుట్ట గలదు. దానిమీది బండలపై క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున అశోకచక్రవర్తి తన యాజ్ఞలను ప్రాకృతభాషలో, బ్రాహ్మీలిపిలో చెక్కించెను. 1929 ప్రాంతమున అను ఘోష్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు వీనిని పండితలోకమునకు తెలియజేసెను. పెద్ద శాసనములు 14, చిన్నవి 2 ఇచ్చట గలవు. చిన్న శాసనమున కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును, సాలు త్రిప్పి దున్ను ఎద్దు నడకవలె సాగును.

తల్లిదండ్రుల మాట వినవలెననియు, ప్రాణులయెడ దయ చూపవలెననియు, సత్యమే పలుకవలెననియు, శిష్యుడు గురువును గౌరవింపవలెననియు అందు గలదు. మనమింట బిడ్డలకు నేర్పు మాటలు ఇవియే గదా! బాటల వెంట బావులు త్రవ్వించి, చెట్లు నాటించితినని మఱియొక శాసనమున చక్రవర్తి చెప్పుకొనెను. 1827 జూలై 6వ తేదీన పత్తికొండలో విషూచివలన మరణించిన సర్ థామస్ మన్రోకు స్మారకముగా దొరతనమువారు అచ్చట రాతిమెట్ల బావిని కట్టించి తోపు నాటించిరి. రెండువేల యేండ్ల యెడమున్నను, దాహము తీర్చుటయే మేలైన స్మారకమని ఇరువురు ఏలికలకును తోచినది.

1930ల ఆర్థికమాంద్యమున పనిలేని అమెరికా యువకులు, 1933 మొదలు 1942 వఱకు, ప్రభుత్వపు కూలికి ఉద్యానములలో రాతిమెట్లు, గోడలు కట్టిరి. వానిని అచ్చటివారు నేటికిని మరమ్మతు చేయుచు కాపాడుకొనుచున్నారు. నూఱేండ్లు నిండని రాళ్లకే అంత ఆదరమైనచో, మన శిలలకెంత యుండవలెను!

ఎఱ్ఱగుడి శిలలు కేంద్ర పురావస్తుశాఖవారి రక్షణలో నున్నవి. రక్షితకట్టడములకు హాని చేయుట 1958 నాటి చట్టము ననుసరించి నేరము. అయినను చట్టము ప్రతి బండకడను కావలి యుండజాలదు. ఎండవానలకు ఓర్చిన యక్షరము ఒక మేకు గీతతో చెడును. భక్తితోనైనను పసుపు, సున్నము, నూనె పూసినచో చెక్కడము పూడిపోవును.

కావున సోదరీమణులారా, బిడ్డలతో అచ్చటికి వెళ్లుడు. రాతిమీద పేరు గీయబోవు చేతిని మెల్లగా పట్టి, ఆ యక్షరముల యర్థము చెప్పుడు. అర్థము తెలిసిన బిడ్డ ఆ రాతికి తానే కావలి యగును.