విప్పని పొట్లం

సూరతు నగరంలో మహిధర్‌పురా అనే పేట ఒకటి ఉన్నది. పగటివేళ ఆ ఇరుకు సందులలో నడిచేవారికి ఒక విచిత్రమైన దృశ్యం కనిపిస్తుంది. నిలిపి ఉంచిన వాహనాల మీదనే కాగితపు మడతలు విప్పి, వజ్రాలను ఎండకు చూపి, మనుషులు బేరమాడుతూ ఉంటారు. సాయంకాలానికి ఆ మడతలన్నీ మూసుకుంటాయి. పొట్లాలు కట్టి, ముద్రలు వేసి, ఆంగడియాల చేతికి అప్పగిస్తారు. ఆంగడియా అంటే సొమ్మును, సరుకును ఒక ఊరినుండి మరొక ఊరికి చేరవేసే నమ్మకస్థుడు. అతడు ఆ రాత్రి బొంబాయికో, అహమ్మదాబాదుకో ప్రయాణం కడతాడు. పొట్లం అతని ఒడిలోనే ఉంటుంది. కాని దానిని విప్పి చూసే అధికారం అతనికి లేదు. ఒక్కసారి విప్పినట్లు తెలిసిందా, మరునాటినుండి అతని చేతికి పొట్లం ఇచ్చేవారుండరు. తరతరాలుగా ఇంతటి వర్తకమూ ఈ చిన్న నియమం మీదనే నిలిచి ఉన్నది.

ఇదే నగరంలో లింబాయత్ ప్రాంతాన తెలుగువారు విస్తారంగా ఉన్నారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ సీమలనుండి మగ్గాన్ని నమ్ముకొని వచ్చిన పద్మశాలి కుటుంబాలే వారిలో అధికం. మరమగ్గాలను వారు సాంచాలంటారు. నగరపాలక సంస్థ వారి పిల్లలకు తెలుగు బడులు కూడా నడుపుతున్నది. ఆ వాడలో ఒక వృద్ధుడు ఉన్నాడు. యౌవనంలో ఆయన సాంచా నడిపినవాడే. కాని వాడవారు ఆయనను ఎరిగినది ఆ పనివల్ల కాదు. చదువురాని నేతగాళ్లకు ఆయన ఉత్తరాలు వ్రాసిపెట్టేవాడు, వచ్చిన ఉత్తరాలు చదివి వినిపించేవాడు. ఆదివారంనాడు ఆయన గడపముందు ఇన్‌లాండ్ కవర్లు, మనియార్డరు ఫారాలు పట్టుకొని పది పదిహేనుమంది కూర్చుని ఉండేవారు.

ఆయన పద్ధతులు ఆయనకు ఉండేవి. ఒకరి ఉత్తరం చదివేటప్పుడు తక్కినవారిని వీథిలోకి పంపేవాడు. ముందుగా చిత్తు వ్రాసి వినిపించి, సరేనన్న తరువాత సాపు వ్రాసి, ఆ చిత్తు కాగితాన్ని వ్రాయించుకున్నవాని కళ్లెదుటనే నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో వేసేవాడు. ఈ పద్ధతి మొదటినుండీ ఉన్నది కాదు. ఒక తప్పు చేసిన తరువాత ఏర్పడినది.

ఆ తప్పు ఇది. ఒక కుర్రవాడు ఇంటికి ఉత్తరం వ్రాయించుకున్నాడు. ఇక్కడి కూలి గిట్టుబాటు కావడంలేదనీ, పండుగ బాకీ చేతికి రాగానే భివండీకి వెళ్లిపోదామని ఉన్నదనీ తల్లికి తెలియజేశాడు. అందులో నేరమేమీ లేదు, సిగ్గుపడవలసినదీ లేదు. ఆ సాయంకాలం టీ దుకాణం దగ్గర మాటల సందర్భంలో ఉత్తరం వ్రాసినవాడే ఆ సంగతి తోటివాని చెవిని వేశాడు. దురుద్దేశం ఏ కోశానా లేదు. తోచక అన్న మాట. మూడవనాటికి ఆ మాట సేఠ్ చెవిని పడ్డది. ఇచ్చిన అడ్వాన్సు తక్షణం కట్టమన్నారు. పండుగ బాకీ దానికింద జమ చేసుకున్నారు. కుర్రవానిని పనినుండి తీసివేశారు. అతడు వట్టి చేతులతో ఊరు విడిచిపోయాడు. పోయేముందు ఈ గడపకు వచ్చి ఒక్క నిందావాక్యమైనా పలుకలేదు. వచ్చి తిట్టి ఉంటే బాగుండునని ఆయనకు ఈనాటికీ అనిపిస్తుంది.

అంతకంటె ఘోరమైనది తరువాత జరిగినది. జనం రావడం మానలేదు, వారికి వేరే దిక్కు లేదు. అయితే వారు చెప్పే మాటలు మారిపోయినవి. అంతకుముందు ఒక్కొక్కరు ఇన్‌లాండు చాలక అంచులమీద కూడా వ్రాయించుకునేవారు. ఇప్పుడు "ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను, డబ్బు పంపుతున్నాను" అని ఊరుకునేవారు. సగం కాగితం తెల్లగా మిగిలిపోయేది. తెల్లగా మిగిలిన ఆ సగాన్ని చూసినప్పుడే తానేమి చేశాడో ఆయనకు పూర్తిగా బోధపడినది. ఒకని రహస్యం బయటపడడంతో నష్టం ఆగదు. ఎవరో వింటున్నారని తెలిసిన తరువాత తక్కినవారందరూ తమ మాటను తామే కత్తిరించుకుంటారు. ఆ తెల్ల భాగం మళ్లీ నిండడానికి ఏళ్లు పట్టినవి.

ఇప్పుడు ఆ గడప ముందు ఎవరూ లేరు. ఉత్తరాలన్నీ చేతిఫోనులోకి పోయినవి. మనుమడు బట్టల బజారులో లెక్కలు వ్రాస్తాడు. ఒకనాడు అతడు ఫోను చూపి, ఈ సందేశాలకు తాళం ఉంటుందనీ, పంపినవాడు, అందుకున్నవాడు తప్ప నడుమ ఎవరూ చదువలేరనీ గర్వంగా చెప్పాడు. వృద్ధుడు కొంతసేపు ఊరుకొని, "సర్కారు అడిగితే విప్పరా, బిడ్డా?" అన్నాడు. మనుమనికి వెంటనే జవాబు తోచలేదు.

ఆ ప్రశ్న ఈనాటిది కాదు. తంతి వార్తలను మధ్యలో ఆపి చూసే అధికారాన్ని ఆంగ్ల ప్రభుత్వం 1885 నాటి టెలిగ్రాఫు చట్టంలో తన చేతిలో ఉంచుకున్నది. ఉత్తరాలను గురించి 1898 నాటి తపాలా చట్టంలో. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత పాలకులు మారినారు గాని ఆ అధికారం పోలేదు. 1986లో పార్లమెంటు తపాలా అధికారాన్ని మరింత విస్తరింపజేస్తూ బిల్లు ఆమోదించగా, రాష్ట్రపతి జైల్‌సింగ్ దానిపై సంతకం చేయక అట్టే ఉంచివేశారు. 1996లో సుప్రీంకోర్టు, టెలిఫోను సంభాషణ మనిషి స్వంత జీవితంలో భాగమనీ, దానిని వినడానికి హోంశాఖ కార్యదర్శి వ్రాతమూలకమైన ఉత్తర్వు అవసరమనీ, ఆ ఉత్తర్వును ఒక సంఘం పరిశీలించవలెననీ శాసించింది. అయితే ముందుగా న్యాయమూర్తి అనుమతి కావలెనని మాత్రం అనలేదు.

తంతి, టెలిఫోనుల వెనుక ఇంటర్నెట్ వచ్చింది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టానికి 2008లో చేసిన సవరణతో, కంప్యూటరులో పుట్టిన, నడిచిన, నిలువ ఉన్న ఏ సమాచారాన్నైనా చూడడానికీ, దాని తాళం తీయించడానికీ ప్రభుత్వానికి అధికారం లభించింది. పాత టెలిగ్రాఫు చట్టంలో "ప్రజా అత్యయిక స్థితి" లేక "ప్రజల భద్రత" అనే షరతైనా ఉండేది; ఈ సెక్షనులో అదీ లేదు. ఏదైనా నేరాన్ని పరిశోధించడం కూడా చాలిన కారణమే. తాళం తీయడానికి సాయపడనివానికి ఏడేళ్ల వరకు ఖైదు. 2018 డిసెంబరు 20న కేంద్ర హోంశాఖ పది సంస్థలకు ఈ అధికారం ఇస్తూ ఉత్తర్వు ప్రకటించింది. 2023లో తపాలాకు, టెలికమ్యూనికేషన్లకు కొత్త చట్టాలు వచ్చి, పాత రెండు చట్టాల స్థానాన్ని ఆక్రమించినవి. విప్పి చూసే అధికారం వాటిలోనూ ఉన్నది.

ఈ చట్టాలన్నిటిలో ఒక సామాన్య లక్షణం కనిపిస్తుంది. విప్పమని ఆజ్ఞాపించేవాడు ప్రభుత్వోద్యోగి. ఆ ఆజ్ఞ సరియైనదా కాదా అని తరువాత పరిశీలించే సంఘంలో కూర్చునేవారూ ప్రభుత్వ కార్యదర్శులే. ఎవరి ఉత్తరం విప్పినారో వానికి మాత్రం ఆ సంగతి ఎన్నడూ తెలియజేయరు. తెలియని అన్యాయాన్ని గురించి ఏ మనిషీ న్యాయస్థానానికి వెళ్లలేడు గదా.

ఇక తాళం మాట. సందేశం లోపలిభాగానికి తాళం ఉన్నా, ఎవరు ఎవరికి, ఏ వేళ, ఎన్నిసార్లు పంపినారన్నది తాళం వెలుపలనే ఉంటుంది. ఇది స్వల్ప విషయమని తోచవచ్చును. వృద్ధునికి మాత్రం అట్లా తోచదు. కవరు విప్పకుండానే ఆయనకు ఎన్నో తెలిసేవి. ముద్రనుబట్టి ఊరు, దస్తూరినుబట్టి వ్రాసినవారు, వారానికి మూడు ఉత్తరాలు వస్తే ఇంట్లో జబ్బు, మూడునెలలు రాకపోతే కలహం, మనియార్డరు తగ్గితే పేకాటో అప్పో! పైకవరు చూస్తూ ఉండగలిగినవానికి లోపలి కాగితంతో అట్టే పని ఉండదని ఆయన అంటాడు.

దీనికి మారుపక్షం లేకపోలేదు. 2008 జూలైలో అహమ్మదాబాదులో బాంబులు పేలిన కొద్ది రోజులకే సూరతులో ఇరవైకి పైగా పేలని బాంబులు దొరికినవి. చెట్ల మీద, ప్రకటన ఫలకాల మీద వాటిని అమర్చినారు. ఆ దినాలలో ఈ నగరవాసులు చెట్టు కింద నిలువడానికి జంకినారు, వృద్ధుడూ జంకినాడు. 2013లో నగర కూడళ్లలో పోలీసుశాఖ వీడియో కెమెరాల వ్యవస్థ నెలకొల్పినప్పుడు వాడలో ఆక్షేపించినవారు ఆయన ఎరుకలో లేరు, ఆయనా ఆక్షేపించలేదు. కాపలా లేని ఊరు ఊరు కాదు. దొంగను పట్టడానికి ఒక కవరు విప్పవలసి రావచ్చును. దొంగ ఉండవచ్చునని ఊరందరి కవర్లనూ విప్పి చూసే ఏర్పాటు వేరు. మొదటిదానికి కారణం చెప్పగలరు. రెండవదానికి కారణం అడిగేవాడే ఉండడు.

చూసే చేతికే మూసే అధికారమూ ఉన్నది. 2015 ఆగస్టు 25న పాటీదార్ల ఆందోళన హింసకు దారితీయగా, గుజరాత్‌లో చేతిఫోనులపై ఇంటర్నెట్‌ను నిలిపివేశారు. సెప్టెంబరు 15న రాష్ట్ర హైకోర్టు ఆ చర్యను సమర్థించింది. నాలుగు రోజులు తిరుగక ముందే, 19న ఆందోళన నాయకుడు హార్దిక్ పటేల్‌ను సూరతులోనే నిర్బంధించడంతో మరల ఆపివేశారు. ఆ రోజులలో లింబాయత్‌లోని నేతగాడు రాజకీయమేమీ ఎరుగకపోయినా, ఊరినుండి కూతురు పంపిన బిడ్డ ఫొటో చూడలేకపోయాడు. తన ఉత్తరం నడిచే బాట తనది కాదని అతనికి ఆనాడు మొదటిసారి తెలిసింది.

"దాచవలసినది లేనివానికి భయమెందుకు?" అని కొందరు అడుగుతారు. ఈ ప్రశ్నకు సూరతులోనే పుట్టిన నర్మద కవి జీవితంలో ఒక సమాధానం ఉన్నది. ఆధునిక గుజరాతీ వచనానికి ఆద్యుడైన ఆయన దాపరికం ఎరుగని సంస్కర్త. 1866లో ఆయన 'మారీ హకీకత్' అనే ఆత్మకథ వ్రాశాడు. ఆప్తులకోసం కొద్ది ప్రతులు మాత్రమే అచ్చువేయించాడు. లోకానికి అది అందినది ఆయన శతజయంతి కాలంలో, 1933లో. తన కథను ఎవరు, ఎప్పుడు చదవవలెనో తానే నిర్ణయించుకున్నాడు. అంతటి నిర్మొగమాటస్థునికి కూడా ఆ నిర్ణయం తన చేతిలోనే ఉండడం అవసరమనిపించింది. భివండీకి పోదామనుకున్న కుర్రవాడు కోరినదీ అంతకంటె ఎక్కువ కాదు.

తెలుగు పాఠకుడు స్మరించదగిన సంగతి మరొకటి కలదు. ఉత్తరప్రదేశ్‌లో ఖడక్‌సింగ్ అనే ఆయనను దోపిడీ కేసులో పట్టుకొని, సాక్ష్యం చాలక విడిచిపెట్టారు. అయినా పోలీసులు అతని పేర చరిత్రపత్రం తెరచి, అర్ధరాత్రి తలుపు తట్టడం, వెంట తిరగడం మానలేదు. 1962లో సుప్రీంకోర్టులోని అధిక సంఖ్యాకులు రాత్రి సోదాలను కొట్టివేశారు గాని, స్వంత జీవితపు గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదన్నారు. ఇద్దరు మాత్రం వేరుగా తీర్పు చెప్పారు. ఒకరు రాజమహేంద్రవరంలో పుట్టిన కోకా సుబ్బారావు. రెండవవారు అహమ్మదాబాదులో పుట్టిన జె. సి. షా. వెంట నీడలా తిరిగేవాడుండగా కాళ్లు కదిలినంత మాత్రాన మనిషి స్వేచ్ఛగా నడిచినట్లు కాదని వారి అభిప్రాయం. తెలుగువాడూ గుజరాతీ కలిసి ఒంటరిగా నిలిచిన ఆ మాట నిలదొక్కుకోవడానికి యాభైయేళ్లు దాటినవి. 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి వ్యాజ్యంలో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకకంఠంగా గోప్యత ప్రాథమిక హక్కని తీర్మానించారు. దానిలో ప్రభుత్వం కలుగజేసుకోవలెనంటే చట్టం ఉండవలెను, న్యాయమైన ప్రయోజనం ఉండవలెను, ఆ ప్రయోజనానికి తగినంతకు మించకూడదు అన్నారు.

హక్కు వచ్చింది, అలవాటు ఇంకా రావలసి ఉన్నది. వ్యక్తుల సమాచార రక్షణకు 2023లో చేసిన చట్టమే, దేశభద్రత మొదలైన కారణాలపై ప్రభుత్వ సంస్థలను తన పరిధినుండి మినహాయించే వీలు కల్పించింది. విప్పి చూసిన సందేశాల ఉత్తర్వులను, పత్రాలను ఆరునెలలకొకసారి ధ్వంసం చేయవలెనని నియమాలలో ఉన్నది; అవసరమైనవి ఉంచుకోవచ్చునని కూడా ఉన్నది.

ఈ నియమాన్ని మనుమడు ఎక్కడో చదివి, తాతకు తృప్తి కలుగుతుందని వచ్చి వినిపించాడు. వృద్ధుడు శ్రద్ధగా విన్నాడు.

"మంచిదే. చింపేటప్పుడు ఉత్తరం గలాయన పక్కన ఉంటడా?" అని అడిగాడు.

"అదెట్ల, తాతా? ఆయనకు సంగతే తెలువదు గద."

వృద్ధుడు మరి మాట్లాడలేదు. ఆయన కూర్చునే పీట పక్కన పాత రేకుపెట్టె ఒకటి ఉన్నది. అందులో గ్రహీత ఊరు విడిచిపోయినందున మిగిలిపోయిన ఇన్‌లాండ్ కవరు ఒకటి ఉన్నది. భివండీకి పోదామనుకున్న కుర్రవానికి అతని తల్లి వ్రాయించిన ఉత్తరం అది. అతడు వెళ్లిపోయిన వారానికి వచ్చింది. అతడు ఎక్కడ ఉన్నాడో ఎంతమందిని విచారించినా తెలియలేదు. అతికిన అంచులు వయసుచేత వాటంతట అవే ఊడివస్తున్నవి. ఏటా దీపావళి ముందు పెట్టె దులిపేటప్పుడు ఆయన కొంచెం మెతుకుల గంజితో ఆ అంచులను మరల అతికి, యథాస్థానంలో ఉంచుతాడు.