మిలిటరీ మాధవరం

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. చుట్టుపక్కల వాళ్లంతా మిలిటరీ మాధవరం అనే అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ తాత, తండ్రి, కొడుకు వరసగా ఆ ఊరివాళ్లు సైన్యంలోకి వెళ్తూనే ఉన్నారు.

సరిహద్దులో ఉన్న జవానుకి పోలింగ్ రోజున సొంతూరి బూత్‌కి వచ్చే వీలుండదు. పోస్టల్ బ్యాలెట్ తెప్పించుకుని, టిక్కు పెట్టి, కవరు అంటించి పంపుతాడు. అది లెక్కింపు మొదలయ్యేలోగా చేరాలి, లేకపోతే లెక్కలోకే రాదు. మనకేమో బూత్ పక్క వీధిలోనే. అయినా సెలవు కలిసొచ్చిందని అరకు బయల్దేరతాం! (అరకు మీద నాకేం కోపం లేదు.)

ఆగస్టు 15కి డీపీలో జెండా పెట్టుకోండి, బావుంటుంది. ఈసారి ఎన్నికలకి మాత్రం ఊళ్లోనే ఉండి ఓటెయ్యండి. అరకు ఆ మర్నాడు వెళ్లొచ్చు.